చప్పుళ్ళు తీసేసిన పుస్తకం

ఆ వేసవిలో మా క్లాసు వాళ్ళందరూ పెద్ద పెద్ద కంపెనీల్లో ఇంటర్న్‌షిప్పులు సంపాదించుకుని, మెడలో కార్డులు వేలాడేసుకుని ఫోటోలు పెట్టుకుంటుంటే, నేను మా ఇంట్లో అమ్మ కుట్టుమిషన్ పక్కన మడతబల్ల వేసుకుని కూర్చుని ఎవరో దగ్గుతుంటే వింటున్నాను. నా ఇంటర్న్‌షిప్ అదే. రెండు నెలలు ఎక్కడో ఒకచోట పనిచేసి తీరాలని కాలేజీ వాళ్ళు చెప్పారు. రేపు, ఎల్లుండి అనుకుంటూ బద్ధకించి చివరి రోజున జాబితా తెరిస్తే ఒక్కటే మిగిలింది. చూపు లేని విద్యార్థులకు పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసి ఇచ్చే చిన్న సంస్థ. చదివిపెట్టేవాళ్ళు పదకొండు మంది, ఒక అద్దె గది, ఇంటి నుంచే పని. ఆ చివరి ముక్క చూసి ఒప్పుకున్నాను. సేవాభావం అని ఎవరైనా పొగిడితే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది.

ఇంట్లో ముగ్గురం. అమ్మ బట్టలు కుడుతుంది. అమ్మమ్మ కిటికీ పక్కన చేతుల కుర్చీలో కూర్చుని పొద్దున్నే పేపరు చదివి, ఊళ్ళో సంగతులన్నీ మాకు చెబుతుంది. డెబ్భై ఎనిమిదేళ్ళ వయసులో కళ్ళజోడు లేకుండా పేపరు చదువుతుందని, బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ అమ్మ గొప్పగా చెప్పేది. వాళ్ళు నోరు వెళ్ళబెట్టేవారు. అమ్మమ్మ పేజీ తిప్పేది.

సంస్థ నడిపేది ఒకావిడ. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. అందరూ ఆపరేటరక్క అనే పిలుస్తారు. ఆ సంగతులన్నీ తెలిసి కూడా నేను మొదటి వీడియో కాల్‌కి శుభ్రంగా తల దువ్వుకుని, ఇస్త్రీ చుడీదారు వేసుకుని కూర్చున్నాను.

"కెమెరా ఆపెయ్యమ్మా," అన్నారావిడ. "నాకెలాగూ అక్కర్లేదు. నీకు రోజూ తల దువ్వుకునే పని తప్పుతుంది."

"ఇవాళ దువ్వేసుకున్నానక్కా."

"అయితే ఇవాల్టికి ఉంచు. పక్కన మిషన్ కుట్టేది మీ అమ్మగారా? దానికి నూనె వెయ్యమను. పాపం, అడుగుతోంది."

అమ్మ మిషన్ ఆపి ఫోను వైపు అనుమానంగా చూసింది. సాయంత్రం నూనె వేసింది.

నా పని తేలికైనదే. చదివినవాళ్ళు పంపిన రికార్డింగు వినాలి, అచ్చు పుస్తకంతో పోల్చాలి, తప్పు చదివిన చోట గుర్తు పెట్టాలి. అక్క ఒక పద్ధతి మాత్రం గట్టిగా చెప్పారు. ఎవరు చదివినా, ఏ పుస్తకం చదివినా, మొదట తాము ఎక్కడ కూర్చున్నారో, చుట్టూ ఏముందో చెప్పి తీరాలి.

"ఎందుకక్కా? పుస్తకంలో లేదు కదా."

"నువ్వు కొత్తగా ఎవరింటికైనా వెళ్తే ఏం చేస్తావు? కూర్చునే ముందు ఓసారి చుట్టూ చూస్తావు. వినేవాళ్ళూ చూసుకోవాలి కదమ్మా."

ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను.

నాకు అప్పగించిన పుస్తకం సాక్ష్యాల చట్టం. మొత్తం పద్నాలుగు గంటల రికార్డింగు. అది అడిగింది ఒకే ఒక్క మనిషి. పగలు ఆస్పత్రిలో ఫోన్లెత్తే ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు లా చదువుతున్న ముప్పై రెండేళ్ళామె. ఇంకా పాసవకుండానే అందరూ ఆమెను లాయరమ్మ అనేవారు. అన్ని పేపర్లూ అయిపోయాయి, ఇదొక్కటే మిగిలింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి తప్పితే ఇక రాయనివ్వరు, డిగ్రీ రాదు. పరీక్ష వచ్చే నెలలో.

"ఈ పేపరు పోతే మళ్ళీ ఫోన్లెత్తుకోవడమే," అంది నాతో మొదటిసారి మాట్లాడినప్పుడు. "పోకపోతే నల్లకోటు. కోటు కొలతలు మీ అమ్మగారికే ఇస్తాలే."

ఆమె దగ్గర ఒక పాత చిన్న ప్లేయర్ ఉంది. ముందుకీ వెనక్కీ నొక్కడం తప్ప ఇంకే సదుపాయమూ లేదు. పక్కింటివాళ్ళ సాయంతో మేము పంపిన ఫైళ్ళు అందులోకి ఎక్కించుకుని ఏడాదిగా వింటోంది. తప్పులు మిగిలాయేమో చూడమని ఆ పాత రికార్డింగులనే అక్క నాకిచ్చారు.

ఇక ఆ రికార్డింగుల సంగతి చెప్పాలి. పుస్తకాన్ని ముగ్గురు చదివారు. మొదటాయన రిటైరైన బస్సు కండక్టరు. ప్రతి సెక్షన్ నంబరూ వచ్చే స్టాపు పేరు అరిచినట్టు చదివేవాడు, మధ్యలో దగ్గేవాడు. రెండో ఆవిడ వంటింట్లో కూర్చుని చదివే పిన్ని. వెనకాల కుళాయి కారుతూ ఉంటుంది, గిన్నె మూత పడుతుంది, "ఒక్క నిమిషం" అని లేచి వెళ్ళి స్టవ్ కట్టేసి వస్తుంది. మూడో ఆయన ఒక పోస్టుమాస్టరు గారు. మెత్తటి గొంతు. "నేను వరండాలో కూర్చున్నాను. నా పక్కన మా ఆవిడ బఠాణీలు ఒలుస్తోంది. ఎండ నా మోకాళ్ళ దాకా వచ్చింది," అని మొదలుపెట్టేవారు. అధ్యాయం పొడుగూతా టప్ టప్ మని గింజలు గిన్నెలో పడుతూ ఉండేవి.

నా ఇయర్‌ఫోన్లు పాడవడంతో మొదటి వారమంతా స్పీకరు పెట్టే విన్నాను. అమ్మ విసుక్కుంది. అమ్మమ్మ మాత్రం "పెట్టనీ, కాలక్షేపం," అంది. పిన్ని స్టవ్ కట్టెయ్యడానికి లేచినప్పుడల్లా, "హమ్మయ్య, కట్టేసింది," అనేది.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. చట్టం చదువుతున్నారా, సంసారం చేస్తున్నారా అనిపించింది. చప్పుళ్ళు తీసేసే సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది. అది చేతికొచ్చాక ఇక ఆగితే ఒట్టు. కుళాయి తీసేశాను. దగ్గులు తీసేశాను. మూతలు, కాకులు, పక్కింటి స్కూటరు, "ఒక్క నిమిషం"లు అన్నీ ఏరిపారేశాను. చివరికి ఆ ఎక్కడ కూర్చున్నామనే కబుర్లు కూడా కత్తిరించేశాను. తొమ్మిది రోజులు తిండీ నీళ్ళూ మరచిపోయి చేశాను. పద్నాలుగు గంటలు పన్నెండు గంటలైంది. చోటు సరిపోవడం లేదని సంస్థ ఆన్‌లైన్ ఫోల్డర్లో ఉన్న పాతవాటి మీదే కొత్తవి సేవ్ చేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేసేశాను. ఎవరినీ అడగలేదు. అందరూ ఆశ్చర్యపోవాలని నా ఆశ.

శుభ్రం చేసిన ముక్క ఒకటి గర్వంగా ఇంట్లో వినిపించాను.

"గొంతు ఎంత బాగా వస్తోందో," అంది అమ్మ.

అమ్మమ్మ కాసేపు విని, "వీళ్ళు ఎక్కడున్నారే? మనుషుల్లా లేరు," అంది.

"స్టూడియోలో ఉన్నట్టున్నారు అమ్మమ్మా. అదే గొప్ప," అన్నాను. ఫైళ్ళు లాయరమ్మకి పంపించేశాను. గాల్లో తేలిపోతూ పడుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. అక్క, లాయరమ్మ ఇద్దరూ లైనులో ఉన్నారు. చేతిలో పనుండి స్పీకరు నొక్కాను.

"నా పుస్తకం ఎవరో ఎత్తుకుపోయారు," అంది లాయరమ్మ. ఆ గొంతులో వేళాకోళం లేదు. "పాతది తుడిచేసి ఇది ఎక్కించుకున్నాను. మూడు రోజులుగా వెతుకుతున్నాను. ఏ సెక్షన్ ఎక్కడుందో ఒక్కటి దొరకట్లేదు. పరీక్ష ఇంక ఇరవై రోజులే."

"ఒక్క మాట కూడా తియ్యలేదండీ," అన్నాను. "చప్పుళ్ళు మాత్రమే తీశాను. పుస్తకమంతా అలాగే ఉంది."

"ఆ చప్పుళ్ళే కదా నా పేజీలు. కండక్టరుగారు రెండుసార్లు దగ్గితే ఒప్పుకోలు మాటల అధ్యాయం. గిన్నె మూత పడ్డాక మూడో వాక్యం నిపుణుల సాక్ష్యం. స్కూటరు స్టార్టయితే ఆ భాగం అయిపోవచ్చినట్టు. పరీక్షలో కూడా నాకు అలాగే గుర్తొస్తుంది. ఏడాది పాటు అలాగే ఎక్కించుకున్నాను. ఇప్పుడు అంతా ఒకటే గోడలా ఉంది. ఎక్కడ చెయ్యి పెట్టినా తలుపు తగలట్లేదు."

"పాతవి ఉన్నాయా అమ్మా?" అన్నారు అక్క.

లేవని చెప్పాను. చదివినవాళ్ళ ఫోన్లలో కూడా ఉండవు. పంపగానే చెరిపెయ్యమని సంస్థ నియమం. నా తప్పు నాకప్పుడే పూర్తిగా ఎక్కిందని చెప్పలేను. తప్పు చేసినవాళ్ళు మొదట చేసే పనే నేనూ చేశాను, వాదించాను. "కొత్తదానికి అలవాటు పడితే ఇదే తేలిగ్గా ఉంటుందండీ," అన్నాను.

"ఆ అమ్మాయి చెప్పేది నిజమే," అంది అమ్మమ్మ కుర్చీలోంచి.

"నీకు తెలియదులే అమ్మమ్మా. నువ్వు పేపరు చూసుకో."

"పేపరు సంగతి తర్వాత. ఇప్పుడు మీ అమ్మ మిషన్ ఆపేసి, కిటికీ మూసేసి, ఆ గోడ గడియారం తీసేసి నన్ను ఈ గదిలో నడవమను. ఎటు పోతాను? మిషన్ ఎడమ చెవికి వినపడితే వంటింటికి వెళ్తున్నట్టు. గడియారం నెత్తి మీద వినపడితే నా మంచం వచ్చినట్టు. మీరందరూ చప్పుడు చెయ్యకుండా కూర్చుంటే నాకు ఇల్లే ఉండదు."

మిషన్ ఆగిపోయింది. అమ్మ తల ఎత్తలేదు. అమ్మమ్మ చేతిలో పేపరు అలాగే తెరిచి ఉంది. ఆరింటికి రేడియో వార్తలు విన్నాకే తను ఆ పేపరు పట్టుకుంటుందని, రేడియోలో రాని కబురు ఒక్కటి కూడా ఏనాడూ చెప్పలేదని నాకు అప్పుడు తట్టింది.

ఫోన్లోంచి అక్క గొంతు నెమ్మదిగా వచ్చింది. "పెద్దమ్మా, ఎన్నాళ్ళయింది?"

అమ్మమ్మ పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "కుడికన్ను మూడేళ్ళు. ఎడమ కంటికి మొన్న చలికాలం దాకా పెద్దక్షరాలు ఆనేవి."

"ఇంట్లో చెప్పలేదా?"

"చెప్తే నన్ను కుర్చీలో కూర్చోబెట్టేస్తారు."

"ఇప్పుడూ కూర్చునే ఉన్నారుగా."

"నా అంతట నేను కూర్చోవడం వేరు," అంది అమ్మమ్మ.

అక్క నవ్వారు. ఆ నవ్వులో జాలి లేదు, తోటి ఉద్యోగిని చూసి నవ్వినట్టుంది. అమ్మ లేచి, వంటింటి దారిలో తను పడేసిన బట్టల మూట తీసి బీరువా పక్కన పెట్టింది. మళ్ళీ వచ్చి కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది. కుట్టు వంకరగా పోయింది.

నాకు ఏడుపొచ్చింది. ఫోనులోనే ఏడ్చాను, సిగ్గు లేకుండా.

"ఏడుపు డ్యూటీ అయ్యాక," అన్నారు అక్క. "తప్పు లైను కలిస్తే ఆపరేటరు చేసేది ఒకటే. అది పీకి సరైనది కలపడం. మాటలన్నీ ఉన్నాయి కదా. చప్పుళ్ళు మళ్ళీ పెట్టు. ఎక్కడెక్కడ ఏమేం ఉండేవో లాయరమ్మ చెప్తుంది. ఇంకొక్క మాట, ఇది ఇవాళే తెలియాలి నీకు. పోస్టుమాస్టరు గారు నాలుగు నెలల కిందట పోయారు."

నేను కత్తిరించి పారేసిన ఆ వరండా, ఆ ఎండ, ఆయన నోటితో చెప్పినవి ఇక ఎక్కడా లేవు. ఇంకొకరైతే ఆ మాట నా మొహాన కొట్టేవారు. ఆవిడ నాకు ఫోన్ నంబరు చెప్పారు. "ఆయన భార్యది. నువ్వే మాట్లాడాలి," అన్నారు. అంత కోపం తెప్పించే పని చేసినా ఆవిడ గొంతు ఒక్క మెట్టు కూడా పెరగలేదు. అప్పటి నుంచి నాకు కోపం వచ్చినప్పుడల్లా ఆ గొంతు గుర్తు చేసుకుంటాను. సగం సార్లు పనిచేస్తుంది.

లాయరమ్మ నలభై మూడు చప్పుళ్ళు చెప్పింది, వరసగా, ఏ మాట తర్వాత ఏది వస్తుందో తడుముకోకుండా. అంత జ్ఞాపకం ఉన్న మనిషి పరీక్ష ఎలా తప్పిందా అనుకున్నాను. మొదటి రెండుసార్లూ సగం పుస్తకమే ఆమెకు అందిందట. మిగతా సగం చదివే మనిషి దొరకలేదు.

ఆ ఎనిమిది రోజులూ మా ఇల్లు చప్పుళ్ళ కార్ఖానా అయింది. కండక్టరు గారికి ఫోన్ చేసి దగ్గమన్నాను. "అడక్కుండా ఎంతైనా దగ్గుతానమ్మా. దగ్గమంటే రావట్లేదు," అని వాపోయాడు. రెండు రోజులు ఫోను పక్కనే పెట్టుకు తిరిగి, మూడో రోజు అసలు సిసలు దగ్గు పంపాడు. వంటింటి పిన్ని ఇంట్లో కుళాయి ఈమధ్యే బాగుచేయించారు. ఆవిడ మొగుడు మొత్తుకుంటున్నా వినకుండా రెంచీ పెట్టి మళ్ళీ వదులు చేసింది. మిషన్ మీద నడుం విరిగేంత పని ఉన్నా అమ్మ, పాత స్కూటరున్న ఇంటి కోసం వీధంతా తిరిగి, వాళ్ళ చేత పదకొండుసార్లు కిక్కు కొట్టించింది.

ఏ చప్పుడు సరైనదో తేల్చింది అమ్మమ్మ. మొదటి వారమంతా ఆ కుర్చీలో కూర్చుని అన్నీ విన్నది కదా. నేను ఒక్కొక్కటీ వినిపించేదాన్ని. లాయరమ్మ ఫోన్లో ఉండేది.

"ఇది స్టీలు గిన్నెలో పడుతోంది," అనేది అమ్మమ్మ. "అప్పుడు ప్లాస్టిక్ బకెట్ కదూ?"

"బకెట్టే పెద్దమ్మా. సగం నిండిన బకెట్టు."

"విన్నావా? సగం నింపమను."

నా తల ప్రాణం తోకకొచ్చింది. వాళ్ళిద్దరూ మాత్రం చుట్టాల్లా మాట్లాడుకునేవారు. గోడ పట్టుకోకుండా నడవడం ఎలాగో, గ్లాసులో నీళ్ళు ఎంత వచ్చాయో చప్పుడుతో ఎలా కనిపెట్టాలో లాయరమ్మ చెప్పేది. అమ్మమ్మ "అది నాకు తెలుసులే" అనేది, మర్నాడు చేసి చూసేది. కళ్ళ డాక్టరు దగ్గరికి రమ్మని అమ్మ బతిమాలితే రానిది, లాయరమ్మ ఒక్కసారి అడిగితే వెళ్ళింది. పెద్దగా చేసేదేమీ లేదని డాక్టరు చెప్పాడు. ఆ సాయంత్రం నుంచి అమ్మ కుర్చీలు, బల్లలు చోటు మార్చడం మానేసింది. గదిలోకి వస్తూ "నేనే" అనడం మొదలుపెట్టింది.

పోస్టుమాస్టరు గారి భార్యకు ఫోన్ చెయ్యడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన గొంతు ఉందని, మొదట చెప్పే మాటలు నేనే పోగొట్టానని, క్షమించమని అడిగాను.

"ఆయన ఏం చెప్పేవారో నాకు తెలుసమ్మా," అందావిడ. "పక్కనే కూర్చుని రోజూ విన్నదాన్ని. నేను చెప్తే పనికొస్తుందా?"

"పనికొస్తుందండీ."

"ఇది బఠాణీల కాలం కాదు. చిక్కుళ్ళు ఒలిస్తే పర్వాలేదేమో అడుగు."

లాయరమ్మను అడిగాను. అమ్మమ్మ ఏదో అనబోయి ఊరుకుంది. "పర్వాలేదని చెప్పు," అంది లాయరమ్మ.

మర్నాడు ఆ రికార్డింగు వచ్చింది. "ఆయన వరండాలో కూర్చున్నారు. నేను పక్కన చిక్కుళ్ళు ఒలుస్తున్నాను. ఎండ ఆయన మోకాళ్ళ దాకా వచ్చింది. ఇక చదువుతారు." తర్వాత అరగంట పాటు చిక్కుళ్ళు. ఆయన చదివే వేగానికి సరిగ్గా సరిపోయేలా, మధ్యలో ఆయన పేజీ తిప్పుకునే చోటల్లా ఆగుతూ ఒలిచిందావిడ. దాన్ని నేను ఆయన గొంతు కింద పెట్టాను. ఒక్క చోట కూడా సర్దాల్సిన పని పడలేదు.

పరీక్షకు పదకొండు రోజులు ఉందనగా పుస్తకం లాయరమ్మకు తిరిగి చేరింది. మూడు రోజుల తర్వాత ఫోన్ చేసింది. రెండు చోట్ల దగ్గు ముందూ వెనకా అయింది, సరిచేశాను. ఆ తర్వాత ఫోన్ రాలేదు. చదువుకుంటోందని అక్క చెప్పారు. నా రెండు నెలలూ అయిపోయాయి. అక్క రాసిచ్చిన సర్టిఫికెట్లో "వినడం నేర్చుకుంది" అన్న ఒక్క వాక్యమే ఉంది. కాలేజీలో ఇది చాలదని గొణిగారు. నేను ఇంకోటి అడగలేదు. ఆదివారాలు పని చెయ్యనిస్తారా అని మాత్రం అక్కను అడిగాను.

ఆ వారాల్లో అమ్మమ్మ పేపరు పట్టుకోవడం మానేసింది. అమ్మ పేపరు మాన్పించలేదు. రోజూ వచ్చేది, మడత విప్పకుండా కుర్చీ పక్కన పేరుకునేది. చదివిపెట్టనా అని అడిగే ధైర్యం నాకు లేదు. చదివిపెట్టమని అడిగే మనిషి కాదు తను.

కాలేజీ తెరిచిన నెలకు, ఒక ఆదివారం పొద్దున లాయరమ్మ ఫోన్ చేసింది.

"కొలతలు రాసుకోమను మీ అమ్మగార్ని," అంది. "యాభై నాలుగు మార్కులు."

అమ్మ మిషన్ మీదే తల పెట్టుకుంది. నేను ఫోన్ అమ్మమ్మ చేతిలో పెట్టాను.

"ఏం ప్రశ్న వచ్చింది?" అంది అమ్మమ్మ.

"దస్తావేజుల సాక్ష్యం, పెద్దమ్మా. పోస్టుమాస్టరు గారు చదివిన అధ్యాయం. ప్రశ్న వినగానే బుర్రంతా ఖాళీ అయిపోయింది. నేను చెప్తే రాయడానికి ఇచ్చిన అమ్మాయి పాపం కంగారుపడి, ఈ ప్రశ్న వదిలేద్దామా అంది. ఉండమ్మా అన్నాను. చిక్కుళ్ళు వినపడేదాకా ఊరికే కూర్చున్నాను. వినపడ్డాయి."

అమ్మమ్మ ఫోన్ తిరిగిచ్చింది. తర్వాత చెయ్యి కిందకు చాపి, పేపర్ల దొంతర మీద నుంచి ఆ రోజుది తీసి నా వైపు పెట్టింది.

"చదువు," అంది.

నేను మడత విప్పి గబగబా మొదటి వార్త మొదలుపెట్టాను.

"ఆగాగు. పద్ధతి లేదూ?"

నేను పేపరు దించాను. గొంతు సవరించుకున్నాను. "నేను నీ కుర్చీకి కుడి పక్కన నేల మీద కూర్చున్నాను," అన్నాను. "కిటికీ ఒక రెక్క తెరిచి ఉంది. ఎండ నీ పాదాల దగ్గరుంది. అమ్మ మిషన్ ఆపి మనల్నే చూస్తోంది."

"చూసింది చాలు, కుట్టమను," అంది అమ్మమ్మ. "లేకపోతే మనం ఎక్కడున్నామో నాకెలా తెలుస్తుంది?"

అమ్మ కళ్ళు తుడుచుకుని కాలు ఆడించింది. నేను చదవడం మొదలుపెట్టాను.